స్కీ కర్రకు ఒక కొక్కెం: బుకిత్ తిమా పాత రైలుదారిలో ఒక శనివారం

ఈ ప్రయాణం ఒక ప్లాస్టిక్ కొక్కెంతో మొదలైంది. బొటనవేలంత ఉంటుంది, నారింజ రంగు. మంచుమీద జారే ఆట ఆడేవాళ్లు చేతుల్లో పట్టుకునే స్కీ కర్రకు దాన్ని క్లిప్పులా తగిలించుకుంటారు. కాళ్లకు బరువైన బూట్లూ పలకలూ బిగించుకున్నాక వంగడం కష్టం కదా. నిలబడే బూటు పట్టీని పైకి లాగడానికీ, మంచులో పడిపోయిన గ్లవ్‌ను అందుకోవడానికీ అది పనికొస్తుందట. నేను మంచును ఎప్పుడూ చూడలేదు. నాకు ఆ కొక్కెం కనిపించింది సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో, పదకొండో అంతస్తు వంటింటి కిటికీ దగ్గర. ఇక్కడి పాత ఫ్లాట్లలో తడిబట్టలను వెదురు కర్రకు తొడిగి, ఆ కర్రను కిటికీ కింద గోడకున్న గొట్టంలో దోపుతారు. బట్టలన్నీ గాలిలో, రోడ్డు మీదుగా జెండాల్లా వేలాడతాయి. నేను అద్దెకు గది తీసుకున్న ఇంటావిడ నరసమ్మ ఆంటీ, వంగకుండా, కిటికీలోంచి తొంగి చూడకుండా, స్కీ కర్ర చివరి కొక్కెంతో ఆ వెదురు కర్రను మెల్లగా లోపలికి లాక్కుంటున్నారు. నేను గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడి చాలాసేపు చూశాను.

ఆంటీకి డెబ్భై ఒకటి. పుట్టింది మలయా వైపున్న జొహోర్ బారులో, రైల్వే క్వార్టర్సులో. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. పెళ్లయ్యాక సింగపూర్ వచ్చి, ఇరవై ఏళ్లు ఒక దుకాణంలో కుట్టుపని చేశారు. జపాన్‌కో కొరియాకో చలికాలం చూడ్డానికి వెళ్లేవాళ్లకు మందపాటి కోట్లు అద్దెకిచ్చే దుకాణం అది. తిరిగొచ్చిన కోట్ల జిప్పులు బాగుచేయడం, ఊడిన గుండీలు కుట్టడం ఆవిడ పని. "ఎంతెంత మంచు చూసొచ్చిన కోట్లో. నా ఒళ్లోకొచ్చేసరికి అన్నీ ఎండిపోయుండీవి," అంటారు. దుకాణం మూసేసిన రోజు, ఏది కావాలంటే అది పట్టుకెళ్లమని యజమాని చెబితే, ఆవిడ ఒక జత స్కీ కర్రలూ, ఏళ్ల తరబడి ఎవరూ కొనని ఈ కొక్కెమూ తెచ్చుకున్నారు. మోకాళ్లు అరిగాక ఆ కర్రలే నడకకు ఆసరా అయ్యాయి. మంచం కిందికి పోయిన చెప్పును కొక్కెం తెస్తుంది. దూరంగా ఉన్న ఫ్యాను గొలుసును కొక్కెం లాగుతుంది.

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం ఆవిడ నా గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. వచ్చే బుధవారం ఎడమ మోకాలికి ఆపరేషన్ అని నాకు అప్పటికే తెలుసు.

"పాపా, శనివారం నీకు ఆఫీసు లేదు కదేటి? ఓ చోటికెల్దాం."

"ఎక్కడికి ఆంటీ?"

"బుకిత్ తిమా. మా అయ్య పని చేసిన రైలు స్టేషను. నువ్వు ఎవుళ్లతోటీ మాటాడక్కర్లేదులే. పరిగెట్టాలంతే."

నవ్వులాటకు అన్నారనుకున్నాను. నేను మాట్లాడటానికి ఎంత మొహమాటపడతానో ఆవిడకు తెలుసు. పరుగు సంగతి మాత్రం తెలియదు. ఏలూరులో కాన్వెంటులో పదేళ్లు చదివాను. వరండాల్లో పరుగెత్తకూడదు, అడిగితే తప్ప మాట్లాడకూడదు. సిస్టర్లు నేర్పినవాటిలో నేను తు చ తప్పకుండా పాటించినవి ఆ రెండే.

శనివారం ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. లిఫ్ట్ దిగేసరికి మెట్ల కింద నేల ఇంకా తడిగా మెరుస్తోంది. ఆంటీ రెండు చేతుల్లో రెండు కర్రలు. నా భుజానికి సంచి. సంచిలోంచి సగం బయటికి ఒక పేము రింగు కనిపిస్తోంది. పళ్లెమంత వెడల్పు. కింద చిన్న గుడ్డ తిత్తి వేలాడుతోంది. మూడు రాత్రులు కూచుని ఆవిడే వంచి కట్టారు. ఎందుకని అడిగితే, "అక్కడికెల్లాక చెప్తాను," అన్నారు.

ముందు టిఫిన్. మా బ్లాకుకు ఐదు నిమిషాల దూరంలో హాకర్ సెంటర్ ఉంది. చుట్టూ చిన్న చిన్న వంట కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. శనివారం ఉదయం ఆ బల్లలు దొరకడం కష్టం. అందుకని ఇక్కడ జనం ముందు ఒక టిష్యూ ప్యాకెట్టు బల్లమీద పెట్టేసి తరవాత తిండి కొనుక్కోవడానికి వెళ్తారు. దాన్ని చోప్ చేయడం అంటారు. పది రూపాయల ఖరీదు కూడా లేని ఆ ప్యాకెట్టును ఎవరూ కదపరు. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన మర్యాద అది. నోరు తెరవకుండా ఒక చోటును నాది అని చెప్పుకోవచ్చు.

ఆ రోజు మా టిష్యూ ప్యాకెట్టు సంచి అడుగున ఎక్కడో ఉంది. ఆంటీ వెతకనివ్వలేదు. కొక్కెం ఉన్న కర్రను బల్ల అంచుకు తగిలించి, "ఇదే చోప్," అని, రెండో కర్ర ఊతంగా, నా చెయ్యి పట్టుకుని నడిచారు. రెండు పరాటాలు, రెండు టీలు. ఇద్దరికీ కలిపి ఆరు డాలర్ల లోపే. తిరిగొచ్చేసరికి మా బల్ల దగ్గర ముగ్గురు కూచుని నూడుల్స్ తింటున్నారు. కర్ర లేదు.

ఎవరో మరిచిపోయి వెళ్లారనుకుని శుభ్రం చేసే ఆవిడ తీసుకెళ్లిందని వాళ్లు చెప్పారు. వాళ్ల తప్పు లేదు. టిష్యూ ప్యాకెట్టంటే చోప్. నడక కర్రంటే మరిచిపోయిన వస్తువు. తన కాలును బల్లకు తగిలించి పరాటా కోసం వెళ్లే మనిషి ఉంటుందని ఎవరనుకుంటారు? వాడిన ట్రేలు పెట్టే అరల పక్కన గోడకు ఆనించి కర్ర కనిపించింది. కొక్కెం మాత్రం ఊడిపోయింది.

ఆంటీ పక్క బల్ల దగ్గర దొరికిన కుర్చీలో కూలబడ్డారు. పరాటా ముట్టలేదు.

"కొక్కెం లేకపోతే ఎల్లడం దేనికి పాపా. ఇంటికి పోదాం."

"ఇంకోటి కొనుక్కుందాం ఆంటీ. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది."

"బుధవారం లోపల వచ్చీస్తాదేటి?"

రాదు. ఆవిడ నా మొహం చూడకుండా టీ గ్లాసును చూస్తున్నారు. ఆ కొక్కెంతో ఆవిడకు ఏం పనో నాకింకా తెలియదు. కానీ మూడు రాత్రులు పేము వంచిన వేళ్లు నాకు కనిపిస్తున్నాయి. లేచాను.

ట్రేల అరల వెనక గిన్నెలు కడిగే చోటుంది. నీళ్ల మోత, పింగాణీ మోత. రబ్బరు ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దాయన నాకు వీపు చేసి ఉన్నారు. "అంకుల్," అన్నాను. నాకే వినబడలేదు. రెండోసారి అన్నాను. క్యూలో ట్రేలు పట్టుకున్నవాళ్లు నన్ను చూస్తున్నారు. మూడోసారి నా గొంతు నేనెప్పుడూ వినని ఎత్తులో బయటికొచ్చింది. ఆయన ఉలిక్కిపడి తిరిగారు. కొక్కెం అప్పటికే ఉద్యోగంలో చేరిపోయింది. కుళాయి గొట్టానికి బిగించి ఉంది, దానికి ఆయన చేతిగుడ్డ వేలాడుతోంది.

"దిస్ వన్ యువర్స్ అహ్?" అన్నారు ఆయన దిగులుగా. "వెరీ గుడ్ వన్, యు నో. వేర్ యు బై?"

మంచుమీద ఆడేవాళ్ల కోసం చేసిందని చెప్పాను.

"సింగపూర్ గాట్ స్నో మెహ్?" అని, ఇక్కడ మంచెక్కడిదన్నట్టు పెద్దగా నవ్వి, గుడ్డ తీసి భుజాన వేసుకుని, కొక్కేన్ని నీళ్ల కింద కడిగి మరీ నా చేతిలో పెట్టారు.

అందరూ చూస్తున్నారన్న తొందరలో నిలబడ్డచోటే దాన్ని కర్రకు బిగించేశాను. ఆంటీ చల్లారిన పరాటాను మొత్తం తిన్నారు. "సింగం నువ్వు," అన్నారు.

వుడ్‌ల్యాండ్స్‌లో ఏడు ముప్పావుకు రైలెక్కాం. బుకిత్ తిమా పాత రైలుదారికి వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. వుడ్‌ల్యాండ్స్ నుంచి గోధుమరంగు లైనులో స్టీవెన్స్ దాకా సుమారు పాతిక నిమిషాలు. అక్కడ దిగి, లోపలే నడిచి, నీలం రంగు లైనుకు మారాలి. అది ఎక్కితే ఇంకో పావుగంటలో హిల్‌వ్యూ. కార్డు గీస్తే మనిషికి రెండు డాలర్ల పైచిలుకు. పెద్దవాళ్ల కార్డుకు ఇంకా తక్కువ. రెండు లైన్లూ నేల కిందే నడుస్తాయి కాబట్టి కిటికీలో మీ మొహం తప్ప ఏమీ కనిపించదు. ఆంటీ కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"ఇప్పుడు క్రాంజి గేటు," అన్నారు, కళ్లు తెరవకుండా.

మేమున్నది క్రాంజికి చాలా దూరంలో. ఆవిడ ఎక్కింది మాత్రం వేరే రైలు. నేలమీద నడిచే పాత రైలు. జొహోర్ నుంచి సముద్రం మీది గట్టు దాటి, అడవిలోంచి, కంపుంగులనే పల్లెల పక్కనుంచి, సింగపూర్‌లో చివరి స్టేషనైన టాంజోంగ్ పగార్ దాకా పోయేది. పట్టాలు తీసేసి చాలా ఏళ్లయింది. ఆవిడ తలలో అవి అలాగే ఉన్నాయి. "ఇక్కడ కొబ్బరితోట. ఇక్కడ ఓ నల్లకుక్క రైలు ఎంటబడి ఒచ్చీది. ఇదిగో బుకిత్ పంజాంగు గేటు, మోటారు కార్లన్నీ ఆగిపోయున్నాయి చూడు." నేనూ కళ్లు మూసుకున్నాను. స్టీవెన్స్ దాటిపోయి ఒక స్టేషన్ వెనక్కి రావాల్సి వచ్చింది. మీరు కళ్లు తెరుచుకునే ఉండండి.

హిల్‌వ్యూలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. దారి గుర్తులు పట్టుకుని కాసేపు నడిస్తే పాత రైలుదారి తగులుతుంది. అక్కడి నుంచి బుకిత్ తిమా స్టేషన్ సుమారు నాలుగు కిలోమీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకు గంట చాలు. మాకు రెండుంబావు గంటలు పట్టింది. పట్టాలున్న చోట ఇప్పుడు సన్నటి కంకర దారి, రెండు పక్కలా గడ్డి, ఆ పైన అడవి. రాత్రి వాన ఇంకా ఆకుల్లోంచి కురుస్తూనే ఉంది. ఎండ పడినచోటల్లా నేలలోంచి ఆవిరి లేస్తోంది. తూనీగలు ఆ ఆవిరిలో నిలబడి ఉన్నాయి. పరుగెత్తేవాళ్లు, సైకిళ్లవాళ్లు వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటి ఆవిరిలోకి పోయి మాయమవుతున్నారు. కర్రల చప్పుడు మాత్రం మాతోనే ఉంది. టిక్, టిక్. ఆంటీ నీళ్ల సీసాను కొక్కేనికి తగిలించుకున్నారు. అది కూడా అడుగడుక్కీ కర్రకు తగిలి చిన్నగా మోగుతోంది. కోతులుంటాయి కాబట్టి తినేవి సంచి లోపలే ఉంచుకోండి.

రోడ్డుమీదుగా పోయే ఇనుప వంతెన ఒకటి వస్తుంది. పాత రైలు వంతెనే. కింద కార్లు పోతున్నాయి. పైన మాత్రం వింతైన నిశ్శబ్దం. ఆంటీ ఇనుప దూలానికి ఆనుకుని నిలబడి, రింగు ఇమ్మన్నారు. దాన్ని చేతిలో తిప్పుతూ చెప్పారు.

అప్పట్లో ఆ మార్గంలో ఒకటే పట్టా. ఎదురెదురుగా రెండు రైళ్లు రాకుండా ఉండాలంటే డ్రైవరు దగ్గర టోకెన్ ఉండాలి. ఇనుప టోకెన్. దాన్ని ఒక రింగుకున్న తిత్తిలో పెట్టేవారు. అది చేతికందితేనే రైలు ముందుకు పోవాలి. బుకిత్ తిమాలో చాలా రైళ్లు ఆగవు, నెమ్మదిస్తాయంతే. ఆంటీ వాళ్ల నాన్న ప్లాట్‌ఫారం చివర నిలబడి రింగును ఎత్తి పట్టుకుంటే, డ్రైవరు కదిలే ఇంజనులోంచి చెయ్యి చాపి, రింగులోకి చెయ్యి దూర్చి తీసుకుపోయేవాడు. ఆదివారాల్లో నాన్నకు క్యారియరు పట్టుకుని, అక్కడ ఆగే రైల్లో ఆంటీ వచ్చేవారు. ప్లాట్‌ఫారం బల్లమీద కూచుని చూసేవారు. పట్టాలకు రెండు బారల దూరంలో ఉండాలని ఆయన కట్టడి.

"ఎనిమిదేళ్లుంటాయి నాకు. ఆ రోజు బల్లకింద ఓ పెద్ద ఉడుము కనిపించీసింది. అయ్యా అని అరిచీసినాను. బండి అప్పుడే ఒస్తంది. అయ్య ఇటు తిరిగీసినాడు. సెయ్యి కిందికి పోయింది."

"డ్రైవరుకు అందలేదా?"

"లేదు. బండి అంత దూరం పోయి కీచుమని ఆగింది. అయ్య రింగట్టుకుని పరిగెట్టినాడు, కంకర్లో. అంత పెద్ద మనిషి. జనమంతా కిటికీల్లోంచి సూత్తన్నారు. స్టేషన్ మాస్టరు అందరి ముందరా తిట్టినాడు." రింగు అంచును వేలితో తడిమారు. "నా పేరు సెప్పలేదు. ఉడుమన్నాడు, గాలన్నాడు, ఏటేటో అన్నాడు. ఆ రోజు నేను తెచ్చిన అన్నం తిన్లేదు. క్యారియరు అలాగే ఇచ్చీసినాడు."

కింద ఒక బస్సు పోయింది. వంతెన కొద్దిగా వణికింది.

"ఒక్కసారి సరిగ్గా ఇయ్యాలి పాపా, ఆ రింగు. అదే చోట నిలబడి. కాలు కోసీసినాక నిలబడగలనో లేదో ఎవుళ్లకి తెల్సు? సెయ్యి పైకెత్తితే భుజం నొప్పి, రింగు నిలవదు. కొక్కేనికి తగిలిస్తే నిలుస్తాది. ఇంట్లో సూసుకున్నాను. రైలే లేదు."

అప్పుడు అర్థమైంది నాకు, ఎవరు పరుగెత్తాలో.

అడవి అంచున రెండు మూడు చోట్ల కూచోవడానికి దుంగలున్నాయి. ప్రతిచోటా కూచున్నాం. ఆంటీ మోకాలు వాచడం మొదలైంది. వెనక్కి వెళ్దామంటే ముందుకే దగ్గర అన్నారు. అది నిజమే. దారి వంపు తిరిగినప్పుడల్లా చెట్ల మధ్య సొరంగంలా వెలుగు కనిపించేది. అందులోంచి ఏదో వస్తోందని అనిపించేది. సైకిలు వచ్చేది.

పదకొండు దాటాక స్టేషన్ కనిపించింది. చిన్నది. ఎర్ర ఇటుకల గది, తెల్ల పలకమీద నల్ల అక్షరాల్లో ఊరి పేరు, తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం, దాని ముందు కొంతదూరం తీయకుండా ఉంచేసిన నిజమైన పట్టాలు. బాగుచేసి రంగులు వేశారు. ఫొటోలు తీసుకునే జనం చాలామందే ఉన్నారు. చూడ్డానికి టికెట్టు లేదు. ఆంటీ జనంలోంచి నేరుగా ప్లాట్‌ఫారం చివరికి నడిచి, ఒక చోట ఆగి, కర్రతో నేలను రెండుసార్లు తట్టారు. ఎడమ చేతి కర్రమీద బరువు వేసి, కుడిచేతి కర్రను పక్కకు చాపి, కొక్కేనికి రింగు తగిలించారు. రింగు గాలిలో నెమ్మదిగా ఊగింది. ఆవిడ మొహం స్టేషన్ వైపు లేదు. నేను రావలసిన వైపే ఉంది.

నేను అటు చివరికి వెళ్లాను. మధ్యలో ఒక కుటుంబం, ఇద్దరు నడకవాళ్లు, హెల్మెట్ పెట్టుకుని బల్లమీద కూచున్న ఒక సైకిల్ అంకుల్. పరుగు మొదలుపెట్టాను. నాలుగడుగుల్లో వాళ్లందరి చూపులూ తగిలాయి. ఆంటీని చేరేసరికి అది పరుగు కాదు, తొందర నడక. చెయ్యి రింగులో దూర్చాను. రింగు రాలేదు. కొక్కెం దాన్ని వదల్లేదు. నా చేతితో పాటు కర్ర, కర్రతో పాటు ఆంటీ ముందుకు తూలారు. సైకిల్ అంకుల్ ఒక్క అంగలో వచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నారు.

"ఆంటీ, కేర్‌ఫుల్ లా! సిట్, సిట్."

ఆవిడ కూచోలేదు. కర్రను చేతిలోకి తీసుకుని చూశాను. కొక్కెం నోరు నేను వచ్చే వైపు తిరిగి ఉంది. వెళ్లే వైపు ఉండాలి. అలా ఉంటేనే రింగు జారి బయటికొస్తుంది. ఉదయం హాకర్ సెంటర్లో, అందరూ చూస్తున్నారన్న తొందరలో, నేనే తిరగేసి బిగించాను.

"ఆంటీ, ఇది నా తప్పు. నేనే తిరగేసి పెట్టాను."

"తెల్సు. దారిలోనే సూసినాను, సీసా తగిలించినప్పుడు."

"మరి చెప్పలేదే?"

ఆవిడ కర్రను వెనక్కి తీసుకున్నారు. కొక్కేన్ని తనే ఊడదీసి, తిప్పి, బిగించారు. తగిలించిన రింగును వేలితో ఒక్కసారి నెట్టి చూసుకున్నారు. అది జారి నా చేతిలో పడింది.

"ఇంకోపాలి," అన్నారు. "ఇటు సూడు పాపా. రైలు సిగ్గుపడదు. ఎవుళ్లున్నారో సూడదు. కూత కూడా ఎయ్యాలి. కూత ఎయ్యకపోతే ఒస్తందని నాకెలా తెలుస్తాది?"

సైకిల్ అంకుల్‌కు తెలుగు రాదు. కానీ సంగతి ఏదో అర్థమైనట్టు, జనాన్ని చేతులతో పక్కకు జరిపారు. "ఎక్స్‌క్యూజ్ మీ, ట్రెయిన్ కమింగ్, ట్రెయిన్ కమింగ్!" కొందరు నవ్వారు. కొందరు నిజంగానే పట్టాల వైపు చూశారు.

మళ్లీ అటు చివరికి వెళ్లాను. ఈసారి దూరంగా, పట్టాలు గడ్డిలో కలిసిపోయే చోటి దాకా. అక్కడి నుంచి చూస్తే ఆంటీ చాలా చిన్నగా కనిపించారు. ఆవిరిలో ఒక నారింజ చుక్క, దాని కింద ఒక వలయం. కాన్వెంటు వరండా గుర్తొచ్చింది. పొడవైనది, ఎర్ర గచ్చు, ఎప్పుడూ ఖాళీ. పదేళ్లు దాని అంచునే నడిచాను.

కూ అన్నాను.

చిన్న కూత కాదు. అడవిలోంచి పక్షులు లేచాయి. పరుగెత్తాను. జనం రెండు పక్కలా గీతల్లా వెనక్కి పోయారు. ఎవరెవరో నాకు తెలియదు. ఆంటీ కళ్లు నామీదే ఉన్నాయి. వెనకనుంచి ఎవరైనా పిలిచినా ఆ చూపు తిరగదు. చెయ్యి చాపాను. రింగు నా మోచేతి దాకా వచ్చి, కొక్కేన్ని వదిలి, నాతో వచ్చేసింది. ఏ బరువూ తెలియలేదు. ఆగలేదు నేను. రైలు ఆగదు కదా. ప్లాట్‌ఫారం దాటి, ఇటుక గది దాటి, దారి మలుపు దాకా పోయి, అక్కడ మోకాళ్లమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. వెనక చప్పట్లు వినిపించాయి. తిరిగి చూస్తే ఆంటీ ఇంకా ఖాళీ కొక్కెం ఉన్న కర్రను అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నారు. నేను పూర్తిగా పోయేదాకా దించకూడదన్నట్టు.

నేను తిరిగొచ్చాక బల్లమీద కూచున్నారు. సంచిలోంచి ఉదయం కట్టించుకున్న మూడో పరాటా తీశారు. ఆవిడ దాన్ని కొనడం నేను చూడలేదు. సగం నాకిచ్చారు, సగం తను తిన్నారు. తింటూ తింటూ, పట్టాలను చూస్తూ అన్నారు.

"అయ్యకీ తెలిసే ఉంటాది. నా అరుపేనని."

"ఉంటుంది ఆంటీ."

"సెప్పలేదు, అంతే."

తిరుగు ప్రయాణం తేలిక. స్టేషన్ నుంచి కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రో ఐదు నిమిషాలు, మాకు పదిహేను. ఒంటిగంటన్నరకు ఇంట్లో ఉన్నాం. బుధవారం ఆపరేషన్ అయింది. ఇది రాసే రోజుకు ఆవిడ వంటింట్లో నాలుగడుగులు వేస్తున్నారు, ఐదోదానికి ఇంటికొచ్చే నర్సును తిడుతున్నారు. రింగు కిటికీ దగ్గర మేకుకు వేలాడుతోంది. వెదురు కర్రను నేనే లోపలికి లాగుతున్నాను, అదే కొక్కెంతో. నేను ప్రయాణాల పుస్తకాలు చాలా చదివాను. వాటిలో మనుషులు చాలా దూరాలు పోతారు. ఆ రోజు నేను పోయింది ఒక ప్లాట్‌ఫారం పొడవు. కానీ ఇప్పటికీ కొన్ని ఉదయాలు ఆఫీసు రైల్లో, కిటికీలో నా మొహం తప్ప ఏమీ లేనప్పుడు, కళ్లు మూసుకుంటే ఆవిరి కనిపిస్తుంది, అందులో నారింజ చుక్క. దాన్ని ఆవిడ నా కోసం ఎత్తి పట్టుకుని ఉంటారు. గిన్నెలు కడిగే అంకుల్ కోసం ఇంకో కొక్కెం తెప్పించాను. ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయన్ను ఒక్కసారే పిలిచాను, తిరిగారు.

మీరు కూడా ఇలాంటి కొక్కెం కొంటే ఒక్క జాగ్రత్త. బిగించాక ఏదైనా తగిలించి వేలితో నెట్టి చూసుకోండి. పట్టుకోవడం అన్ని కొక్కేలకూ వచ్చు. మీరు వెళ్లే వైపు వదలడం వస్తుందో లేదో చూసుకోవాలి.